హీబ్రూ నేర్చిన బిషప్ జుస్తినియాని: అపోహలు, వాస్తవాలు

నేను క్యాథలిక్ గురువులను తయారుచేసే గురువిద్యాలయంలో (సెమినరీలో) హీబ్రూ, శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చరిత్ర చెబుతాను. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి వారంలోనే ఎవరో ఒక బ్రదర్ (గురువిద్యార్థి) లేచి, "ఫాదర్, హీబ్రూ మనకెందుకు? అది ప్రొటెస్టెంట్ల చదువు కదా?" అని అడుగుతాడు. బయట కలిసే పాస్టర్ మిత్రులదీ దాదాపు ఇదే మాట. "మీవాళ్లు మూలభాషల జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. లూథర్ వచ్చాకే తాళం ఊడింది" అంటారు.

ఇద్దరికీ నేను ఒకే మనిషి కథ చెబుతాను. ఆయన పేరు అగొస్తీనో జుస్తినియాని. 1470లో ఇటలీలోని జెనోవాలో పుట్టారు. 1487లో డొమినికన్ సభ అనే సన్యాసుల సంఘంలో చేరారు. 1514లో పదవ లియో పోపుగారు ఆయన్ని కోర్సికా దీవిలోని నెబ్బియో అనే చిన్న మేత్రాసనానికి (బిషప్ పాలించే ప్రాంతానికి) బిషప్‌గా నియమించారు. ఐరోపా క్రైస్తవలోకం రెండుగా చీలిపోతున్న రోజుల్లో ఆయన బతికారు. ఆయన గురించీ ఆ కాలం గురించీ నాకు తరచుగా వినబడే మాటలు కొన్ని ఇక్కడ సరిచేస్తున్నాను.

అపోహ: హీబ్రూ బైబిలు చదువు లూథర్‌తోనే మొదలైంది.

తేదీలు చూస్తే చాలు. జుస్తినియాని బహుభాషా కీర్తనల గ్రంథం జెనోవాలో అచ్చయింది 1516 నవంబరులో. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ 95 వాదాంశాల తేదీ 1517 అక్టోబరు 31. అంటే దాదాపు ఏడాది ముందే ఒక క్యాథలిక్ బిషప్ హీబ్రూ మూలాన్ని అచ్చు వేయించి, పోపుగారికే అంకితం ఇచ్చారు. ఆ పని చేసింది ఆయనొక్కరే కాదు. స్పెయిన్‌లో కార్డినల్ సిస్నెరోస్ చేయించిన బహుభాషా బైబిలు 1514 నుంచి 1517 దాకా అచ్చులో ఉంది. జర్మనీలో రాయిష్లిన్ అనే పండితుడు 1506లోనే హీబ్రూ వ్యాకరణం, నిఘంటువు కలిపి తెచ్చారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1311-12లో జరిగిన వియెన్ మహాసభ పారిస్, ఆక్స్‌ఫర్డ్, బొలోన్యా, సలమాంకా విద్యాపీఠాల్లో హీబ్రూ, అరబ్బీ, కల్దీయ (అరామిక్) భాషలు చెప్పించాలని తీర్మానించింది.

అయితే ఇది విని మా బ్రదర్స్ చప్పట్లు కొట్టబోతే ఆపుతాను. ఆ తీర్మానంలో చాలా భాగం కాగితం మీదే ఉండిపోయింది. యూదుల పుస్తకాలన్నీ లాక్కోవాలని కొందరు పట్టుబట్టినప్పుడు రాయిష్లిన్ అడ్డుపడ్డారు. దానికి ఆయన్ని ఏళ్ల తరబడి కేసులతో వేధించినవాళ్లలో కొలోన్ నగరపు డొమినికన్లే ముందున్నారు. జుస్తినియానిదీ అదే సభ! చివరికి 1520లో పోపుగారి తీర్పు కూడా రాయిష్లిన్‌కు వ్యతిరేకంగానే వచ్చింది. ఒకే సభలో, ఒకే కాలంలో, హీబ్రూను అచ్చుకెక్కించినవాళ్లూ హీబ్రూ పుస్తకాలంటే భయపడినవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. "క్యాథలిక్కులు ఇలా, ప్రొటెస్టెంట్లు అలా" అని గీత గీసేస్తే ఈ మనుషులెవరూ మనకు కనబడరు.

అపోహ: ఆ కీర్తనల గ్రంథంలో ఎనిమిది భాషలున్నాయి.

ఇది నేనూ కొన్నాళ్లు తరగతిలో తప్పుగా చెప్పిన మాటే. ఎక్కడో చదివి, సరిచూసుకోకుండా చెప్పేశాను. స్కాన్ చేసిన పుటలు తెరిచి ఒక్కో నిలువు గడీ లెక్కపెట్టాక నా పొరపాటు తెలిసింది. ఉన్నవి ఎనిమిది గడులు, అయిదు భాషలు.

పుస్తకం విప్పితే ఎడమ పుటలో నాలుగు గడులు, కుడి పుటలో నాలుగు గడులు. ఎడమవైపు మొదటిది హీబ్రూ. దాని పక్కన ఆ హీబ్రూకి మాటకు మాటగా చేసిన లాటిన్. ఆ పక్కన వుల్గాతా, అంటే గుళ్లలో అందరికీ అలవాటైన లాటిన్ బైబిలు పాఠం. తర్వాత గ్రీకు. కుడి పుటలో మొదట అరబ్బీ. దాని పక్కన తార్గుం, అంటే యూదులు అరామిక్‌లో చేసుకున్న అనువాదం. దీన్ని హీబ్రూ అక్షరాల్లోనే అచ్చు వేశారు. తర్వాత ఆ తార్గుంకి లాటిన్. చివరి గడిలో బిషప్‌గారి వివరణలు. వాటిలో రబ్బీల (యూదు మతగురువుల) వ్యాఖ్యానాలు కూడా కనిపిస్తాయి.

ఒకసారి ఆ పుటను ఏ3 కాగితం మీద ప్రింట్ తీయించి బల్ల మీద పరిచాను. ఒక బ్రదర్ వేలు హీబ్రూ గడిలో కుడి నుంచి ఎడమకు నడిచింది. పక్క గడికి రాగానే తిరిగి ఎడమ నుంచి కుడికి. అరబ్బీ దగ్గర మళ్లీ వెనక్కి. అచ్చుకూర్చిన కార్మికులు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆ వేలు చూస్తేనే అర్థమైంది. ఐరోపాలో అరబ్బీ అచ్చు పుస్తకం మొదలై అప్పటికి రెండేళ్లే, ఇటలీలోని ఫానోలో 1514లో. అలాంటి రోజుల్లో జెనోవాలో పియెత్రో పావొలో పొర్రో అనే ముద్రాపకుడు ఈ వరసలన్నీ ఒక ఎత్తున నిలబెట్టాడు.

ఇక్కడ ఇంకో అపోహకు కూడా జవాబుంది. "హీబ్రూ చదివినవాళ్లు వుల్గాతాను తోసేశారు" అంటారు. జుస్తినియాని తోసెయ్యలేదు. హీబ్రూకి దగ్గరగా ఉండే లాటిన్‌నీ, వుల్గాతానీ పక్కపక్కన పెట్టారు. తేడా ఎక్కడుందో చదివేవాడి కంటికే వదిలేశారు. వుల్గాతాను ప్రామాణికమని క్యాథలిక్ బిషప్పుల త్రెంతు మహాసభ ప్రకటించింది 1546లో, ఈ పుస్తకం వచ్చిన ముప్పై ఏళ్లకు.

అపోహ: ఆయన కొలంబస్ జీవితచరిత్ర రాశారు.

విడిగా పుస్తకమేమీ రాయలేదు. 19వ కీర్తనకు రాసిన వివరణలో కొలంబస్ కథ వస్తుంది. అచ్చులో వచ్చిన తొలి కొలంబస్ జీవితకథనంగా దాన్ని లెక్కిస్తారు. కీర్తనల గ్రంథంలో నావికుడి కథేమిటి అని ఆశ్చర్యపోయేవాళ్లు తమ తెలుగు బైబిలే తెరవొచ్చు.

19వ కీర్తన నాలుగో వచనంలో ఆకాశాల గురించి "వాటి కొలనూలు భూమియందంతట" అని ఉంటుంది. ఇదే వచనాన్ని పౌలు రోమీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయంలో ఎత్తి చెబుతాడు. అక్కడ మన తెలుగులో "వారి స్వరము" అని ఉంటుంది. ఒకే వచనం ఒకచోట నూలు, ఇంకోచోట స్వరం ఎలా అయింది? హీబ్రూలో ఉన్న మాట "కవ్వామ్", అంటే వాటి కొలతాడు. గ్రీకులోకి వచ్చేసరికి అది "ఫ్తోంగోస్", ధ్వని అయింది. వుల్గాతాలో "సోనుస్", అదీ ధ్వనే. పౌలు గ్రీకు పాఠాన్ని ఎత్తుకున్నాడు. కీర్తనను తెలుగు చేసినవాళ్లు హీబ్రూను పట్టుకున్నారు. జుస్తినియాని పుస్తకంలో ఈ మూడూ ఒకే చూపులో ఒకే వరసలో కనిపిస్తాయి. హీబ్రూ ఎందుకని అడిగిన బ్రదర్‌కి నేను ముందు చూపించేది ఈ వచనమే.

దాని వెంటే వచ్చే మాట "లోకదిగంతముల వరకు". ఈ ప్రవచనం తన ద్వారా నెరవేరాలని దేవుడే తనను ఎన్నుకున్నాడని కొలంబస్ చెప్పుకునేవాడట. అందుకే ఆయన జీవితాన్ని ఇక్కడ చేర్చడం తగుననిపించిందని బిషప్‌గారు రాశారు. కొలంబస్ చనిపోయి అప్పటికి పదేళ్లే. పైగా ఇద్దరిదీ ఒకే ఊరు.

కొలంబస్ పేదింట పుట్టాడని అందులో రాయడం ఆయన కొడుకు ఫెర్నాండోకి నచ్చలేదు. తన పుస్తకంలో జుస్తినియానిని గట్టిగా దుయ్యబట్టాడు. కానీ జెనోవా దస్తావేజుల్లో కొలంబస్ తండ్రి దొమెనికో ఉన్ని బట్టల నేతగాడిగానే కనబడతాడు. బిషప్‌గారు వేరే వివరాల్లో పొరపడి ఉండొచ్చుగానీ, ఈ విషయంలో కాదు.

అపోహ: హీబ్రూ నేర్చుకున్నారంటే యూదులను ప్రేమించినట్టే.

ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ దాచలేను.

ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాంస్వా పిలుపు మీద జుస్తినియాని పారిస్ వెళ్లి హీబ్రూ చెప్పారు. అక్కడ 1520లో మోషే కింహీ అనే యూదు పండితుడి హీబ్రూ వ్యాకరణాన్ని అచ్చు వేయించారు. అదే ఏడాది యూదుల మహాపండితుడు మైమోనిడీస్ గ్రంథం "సందేహించేవారికి దారి" పాత లాటిన్ అనువాదాన్ని తెచ్చారు. అదే ఏడాది, అదే పారిస్‌లో, పొర్కెటుస్ అనే పాత జెనోవా సన్యాసి యూదుల మీద రాసిన ఖండన గ్రంథాన్ని కూడా తెచ్చారు. ఒక చేత్తో యూదుల వ్యాకరణం, ఇంకో చేత్తో వాళ్ల మతాన్ని ఓడించే ఆయుధం. ఆయనకు ఇందులో తేడా ఏమీ కనబడినట్టు లేదు. ఆ కాలంలో హీబ్రూ నేర్చిన క్రైస్తవుల్లో చాలామందికి యూదుల పుస్తకాలు కావాలి, యూదులు మాత్రం మారిపోవాలి.

ఆ పుస్తకం ఆయన చేతిలోనే ఆగలేదు. 1543లో లూథర్ యూదుల మీద రాసిన ఘోరమైన పుస్తకాల్లో ఒకదానికి పొర్కెటుస్ నుంచే సరుకు తీసుకున్నారు. క్యాథలిక్ బిషప్ అచ్చు వేయించిన ద్వేషం ప్రొటెస్టెంట్ నాయకుడికి పనికొచ్చింది. మా పాస్టర్ మిత్రులతో మాట్లాడేటప్పుడు ఈ విషయం దగ్గర ఇద్దరం తల దించుకుంటాం. మా శ్రీసభవాడని నేను జుస్తినియానిని వెనకేసుకు రాను. ఆయన చేసిన మంచి పనినీ దీనికోసం చించెయ్యను.

అపోహ: బిషప్ కాబట్టి డబ్బుకు లోటు లేదు, పుస్తకం బాగా పోయి ఉంటుంది.

సొంత ఖర్చుతో 2,000 ప్రతులు కాగితం మీద, రాజులకు పంపడానికి మరో 50 తోలు పుటల మీద వేయించారు. వచ్చిన డబ్బుతో మొత్తం బైబిలు ఇదే పద్ధతిలో తేవాలని ఆశ. అమ్ముడుపోయింది చాలా తక్కువ. మిగతా బైబిలు అచ్చుకు రానేలేదు. ఆ నిరాశను ఆయనే తన జెనోవా చరిత్రలో రాసుకున్నారు.

అపోహ: పండితుడు కాబట్టి మేత్రాసనాన్ని గాలికొదిలేశారు.

సగం నిజం. బిషప్ అయిన మొదటి ఏళ్లలో ఆయన రోములో, జెనోవాలో, పారిస్‌లోనే ఎక్కువ ఉన్నారు. ఇంగ్లండ్ కూడా వెళ్లారు. ఎరాస్మస్, థామస్ మోర్ లాంటి ఆ కాలపు పండితులతో పరిచయం. నెబ్బియో జనానికి ఆ రోజుల్లో తమ బిషప్ దొరకలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. 1522 ప్రాంతంలో పారిస్ వదిలాక కోర్సికా వైపు మళ్లారు. ఆ దీవి ఊళ్లు, కొండలు, జనం గురించి ఒక సంభాషణ గ్రంథం రాశారు. నడిచి తిరగనివాడు రాయగలిగిన పుస్తకం కాదది.

అపోహ: హీబ్రూ చదివినందుకు ఆ కాలపు బిషప్పులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఈ మాట ఇంగ్లండ్‌లోని రోచెస్టర్ బిషప్ జాన్ ఫిషర్ గురించి వినిపిస్తుంది. ఆయన బిషప్ అయ్యాకే హీబ్రూ నేర్చుకుని, కేంబ్రిడ్జిలో ఆ చదువుకు దారి వేశారు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ విడాకుల గొడవ లేవీయకాండంలోని ఒక వాక్యం చుట్టూ తిరిగింది. ఫిషర్ చేరదీసిన హీబ్రూ పండితుడు రాబర్ట్ వేక్‌ఫీల్డే చివరికి రాజు పక్షాన వాదించాడు. అయినా 1535 జూన్ 22న ఫిషర్ తల తీసింది హీబ్రూ కోసం కాదు. రాజును సంఘానికి శిరస్సుగా ఒప్పుకోనందుకు.

జుస్తినియాని మీదికి ఏ రాజూ కత్తి ఎత్తలేదు. 1536లో ఆయన ఎక్కిన ఓడ జెనోవాకీ కోర్సికాకీ మధ్య సముద్రంలో మునిగిపోయింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన తన గ్రంథాలయాన్ని ఆయన అప్పటికే జెనోవా గణతంత్రానికి రాసిచ్చేశారు. ఆయన రాసిన జెనోవా చరిత్ర మరుసటి ఏడాది, 1537లో, అచ్చయి వచ్చింది.