ఎన్ఎఫ్ఎల్ కాంట్రాక్ట్: అపోహలు - వాస్తవాలు

మార్చిలో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్)లో ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్లు ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలిగే సమయం, మొదలైతే మా ఆఫీసు ఫోన్లకు ఊపిరాడదు. ఫలానా ఆటగాడు నాలుగేళ్లకు 40 మిలియన్ డాలర్లకు సంతకం పెట్టాడని టీవీలో వస్తుంది. అంతే, అతని బంధువులు, చిన్ననాటి స్నేహితులు, కార్లు అమ్మేవాళ్లు ఆ అంకెను నాలుగుతో భాగించి లెక్కలు వేసేసుకుంటారు. నేను టెక్సస్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల పన్నుల లెక్కలు చూస్తాను. ఇక్కడి మన తెలుగువాళ్లు కూడా ఎక్కడ కలిసినా అదే భాగహారం చేసి చూపిస్తారు.

అపోహ: కాంట్రాక్ట్‌లో రాసిన సొమ్మంతా ఆటగాడిదే.

కుటుంబాలను ముంచుతున్నది ఇదే. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో సాధారణంగా కాంట్రాక్ట్ మొత్తానికీ గ్యారంటీ ఉంటుంది. ఎన్ఎఫ్ఎల్‌లో ఖాయమైనవి సైనింగ్ బోనస్ (సంతకం పెట్టినందుకు ఇచ్చే సొమ్ము), గ్యారంటీ అని విడిగా రాసిన జీతం మాత్రమే. మిగతా ఏళ్ల జీతం జట్టు ఉంచుకుంటేనే వస్తుంది.

ఆ గ్యారంటీలోనూ తేడాలున్నాయి. 2014లో కాలిన్ కేపర్నిక్ శాన్ ఫ్రాన్సిస్కో జట్టుతో ఆరేళ్లకు 126 మిలియన్ల ఒప్పందం చేసుకున్నాడు. అందులో 61 మిలియన్లు గ్యారంటీ అని వార్తలొచ్చాయి. సంతకం పెట్టిన రోజున పూర్తిగా ఖాయమైంది దాదాపు 13 మిలియన్లే. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం గాయం గ్యారంటీ. అంటే దెబ్బ తగిలి ఆడలేకపోతే ఇస్తారు, ఆట బాగాలేదని తీసేస్తే ఇవ్వరు. 2017లో బయటికొచ్చేసరికి అతనికి అందింది సుమారు 39 మిలియన్లు. 2020లో పాట్రిక్ మహోమ్స్ పదేళ్లకు 450 మిలియన్లకు ఒప్పుకున్నప్పుడు కూడా ఆ రోజుకు పూర్తి గ్యారంటీ దాదాపు 63 మిలియన్లే. కర్క్ కజిన్స్ 2018లో తీసుకున్నట్టు మొత్తం గ్యారంటీతో ఒప్పందం కుదిరేది చాలా కొద్దిమందికే.

పెద్ద పేర్ల సంగతి పక్కన పెడదాం. డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) ఎంపిక కాని ఒక కుర్రాడి తల్లి ఆగస్టులో ఇంటి ఫొటోలు పట్టుకొని మా ఆఫీసుకొచ్చింది. కొడుకుది మూడేళ్ల కాంట్రాక్ట్, లోన్ వస్తుందా అని అడిగింది. కాంట్రాక్ట్ తిప్పి చూస్తే కనీస జీతమే ఉంది, దానికి గ్యారంటీ లేదు. చేతికొచ్చింది చిన్న సైనింగ్ బోనస్ ఒక్కటే. ఆమె ముందు పెన్సిల్‌తో ఆ ఒక్క లైను కింద గీత గీసి, నెలాఖరు దాకా ఆగమన్నాను. సీజన్‌కు ముందు జరిగే శిక్షణ క్యాంపులో జట్టుకు 90 మంది ఉంటారు, ఆగస్టు చివరికి 53 మందే మిగలాలి. ఆ కుర్రాణ్ని తీసేశారు. మరుసటి రోజు ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి (జట్టుతో సాధన చేసే అదనపు ఆటగాళ్ల బృందంలోకి) తీసుకున్నారు. 2025 లెక్క ప్రకారం కొత్త ఆటగాడి కనీస జీతం ఏడాదికి 8,40,000 డాలర్లు. సీజన్ 18 వారాలకు పంచితే వారానికి 46,000 పైమాటే. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో కొత్తవాళ్లకు వారానికి 13,000, అదీ ఉన్నన్ని వారాలే. ఆ తల్లికి ఎంత టెన్షనో నాకు తెలుసు. బిడ్డ ఓడిపోయాడని ఏడ్చింది. ఓడిపోలేదమ్మా, ఇంకా ఆటలోనే ఉన్నాడని చెప్పి పంపాను. వాళ్లు అద్దె ఇంట్లోనే ఉన్నారు. ఆ నిర్ణయమే వాళ్లను అప్పుల్లో పడకుండా కాపాడింది.

అపోహ: టెక్సస్‌లో ఉంటే రాష్ట్ర పన్ను ఉండదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా, కాలిఫోర్నియాకు వెళ్లి ఆడితే అక్కడ పనిచేసిన రోజుల లెక్కన అక్కడ పన్ను కట్టాలి. ఏజెంట్ ఫీజు 3 శాతం దాకా ఉంటుంది, అది వేరు.

అపోహ: రిటైరైతే అందరూ దివాలా తీస్తారు. రిటైరైన ఆటగాళ్లలో 78 శాతం దివాలా తీస్తారనే అంకెను ఇష్టమొచ్చినట్టు తిప్పుతున్నారు, దయచేసి ఆపండి. అది దివాలాతో పాటు డబ్బుకు ఇబ్బంది పడేవాళ్లందర్నీ కలిపి ఒక పత్రిక 2009లో రాసిన మాట. 2015లో వచ్చిన ఆర్థికవేత్తల అధ్యయనంలో, రిటైరైన 12 ఏళ్లలోపు దివాలా కోసం కోర్టుకెళ్లింది దాదాపు 16 శాతం. అదీ తక్కువేం కాదు, కానీ అందరూ కాదు కదా.

అపోహ: ఒక్క సీజన్ ఆడితే పెన్షన్ ఖాయం. మూడు సీజన్లు కావాలి. ఆటగాళ్ల సంఘం లెక్కలో సగటు కెరీర్ సుమారు 3.3 ఏళ్లే కాబట్టి చాలామంది ఆ గీత దగ్గరే ఆగిపోతారు. సీజన్‌లో కనీసం మూడు ఆటలకు పూర్తి జీతంతో జట్టు జాబితా (రోస్టర్)లో గానీ గాయాల జాబితాలో గానీ ఉంటే ఆ సీజన్ లెక్కకొస్తుంది. ప్రాక్టీస్ స్క్వాడ్ వారాలు ఆ మూడు ఆటల లెక్కలోకి రావు. మీవాడికి ఎన్ని సీజన్లు లెక్కకొచ్చాయో ఏజెంట్‌ని నోటిమాటగా అడగొద్దు, కాగితం మీద రాయించి తీసుకోండి.