సివిల్ దిగి సీఎస్ఈ ఎక్కిన కథ

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలా ఇళ్లలో ఒకటే గొడవ. పేరున్న కాలేజీలో మెకానికల్ తీసుకోవాలా, ఊరి చివర కొత్త కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) తీసుకోవాలా? ఎక్కువసార్లు రెండోదే గెలుస్తుంది. ఎందుకంటే "సాఫ్ట్‌వేర్ కదా" అంటారు, అక్కడితో చర్చ అయిపోతుంది. కానీ ఈ వరస మొదటి నుంచీ ఉన్నది కాదు. మన దగ్గర ఏ బ్రాంచ్‌కి ఎంత విలువ అన్నది సిలబస్ చూసి ఎవరూ ఎప్పుడూ తేల్చలేదు, ఆ రోజుల్లో ఉద్యోగాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే తేల్చింది.

1955లో నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు, నాలుగేళ్లకి వరంగల్ ఆర్ఈసీకీ (ఇప్పటి ఎన్ఐటీ) ఆయనే పునాదిరాయి వేశాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పటి లెక్క అర్థమవుతుంది. డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టాలి, కట్టించేది ప్రభుత్వం, కాబట్టి ఇంజనీర్ అంటే ఇరిగేషన్‌లోనో ఆర్ అండ్ బీలోనో కింద చేరి, రిటైరయ్యేనాటికి ఏ సూపరింటెండింగ్ ఇంజనీర్‌గానో చీఫ్ ఇంజనీర్‌గానో దిగిపోయే సివిల్ ఆయన. పెళ్లి సంబంధాల్లో గిరాకీ కూడా ఆయనకే (పైసంపాదన సంగతి అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవాళ్లు కాదు). ఎలక్ట్రికల్ అయితే కరెంటు బోర్డు, మెకానికల్ అయితే రామచంద్రాపురం భెల్, తర్వాత్తర్వాత విశాఖ ఉక్కు. ఎలక్ట్రానిక్స్ వాళ్లకి 1967లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది. ఏ బ్రాంచ్ వాడు ఏ గేటు దగ్గరికి వెళ్లాలో ముందే తెలిసిపోయేది. సీట్లూ తక్కువే, కాకినాడ, వాల్తేరు, ఉస్మానియా, వరంగల్ అని వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కాలేజీలు.

1980లకి వచ్చేసరికి చదవాలనుకునేవాళ్లు పెరిగారు, సీట్లు ఆ లెక్కన పెరగలేదు. 1983లో క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ రాష్ట్రం చట్టం తెచ్చింది, 1986లో ఎంసెట్ మొదలైంది. డబ్బున్నవాళ్లు డొనేషన్ కట్టి కర్ణాటకకో మహారాష్ట్రకో పిల్లల్ని పంపారు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు పద్ధతి వచ్చింది. ఆ తర్వాతే ఇక్కడ ప్రైవేటు కాలేజీలు వరసగా లేచాయి, ఉమ్మడి రాష్ట్రం చివరి రోజులకి 700 దాటాయి. కాలేజీ పెట్టేవాడికి బ్రాంచ్‌ల విషయంలో సొంత లెక్క ఒకటుందని గుర్తుపెట్టుకోవాలి. మెకానికల్‌కి లేత్‌లు, వర్క్‌షాప్ షెడ్డు, సివిల్‌కి సర్వే పరికరాలు, మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్ కావాలి. సీఎస్ఈకి ఒక హాలు, ఏసీ, కంప్యూటర్లు ఉంటే చాలు, అవే అన్ని బ్యాచ్‌లకీ తిరుగుతాయి.

సరిగ్గా ఆ సమయానికే వైటూకే వచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాశారు కాబట్టి 2000 వచ్చేసరికి అన్నీ తికమకపడతాయని అమెరికా కంపెనీలు భయపడ్డాయి, వాటిని కూర్చుని సరిచేసే మనుషులు వేల సంఖ్యలో కావాల్సి వచ్చింది. ఏడాదికి 65,000 ఉన్న హెచ్‌1బీ (అమెరికా ఉద్యోగ వీసా) పరిమితిని 1999కి 1,15,000కి, 2001కి 1,95,000కి పెంచారు. ఇక్కడ హైదరాబాద్‌లో 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించారు. అయితే అప్పటి కంపెనీలు కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లనే తీసుకోలేదు, అంతమంది లేనే లేరు. టెన్త్ నుంచి 60 శాతం, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు, ఒక ఆప్టిట్యూడ్ టెస్ట్, ఏ బ్రాంచ్ అయినా పర్లేదు. మిగతాది ట్రైనింగ్‌లో నేర్పుకున్నారు.

క్యాంపస్‌లో ఉద్యోగం తగలనివాళ్లకి హైదరాబాద్ అమీర్‌పేట ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడకుండా జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ బోర్డులు, ఫుట్‌పాత్ మీద చేతిలో కుక్కే పాంప్లెట్లు, పైన మూడో అంతస్తులో కుర్చీకి కుర్చీ ఆనించి వందమంది పట్టే హాలు, పొద్దున ఏడింటికి ఉచిత డెమో. ఆ హాల్లో నీ పక్కన కూర్చున్నవాడు సివిలా, ఎమ్మెస్సీ కెమిస్ట్రీనా అని అడిగేవాడే ఉండడు. జిరాక్స్ మెటీరియల్ చదివి ఇంటర్వ్యూ కొట్టిన మెకానికల్ కుర్రాడు నాలుగేళ్ల థర్మోడైనమిక్స్‌ని నాలుగు నెలల్లో పక్కన పెట్టేశాడు. తెలుగునాట డిగ్రీకీ కెరీర్‌కీ ఉన్న ముడి నిజంగా తెగింది అక్కడే అని నా అభిప్రాయం. దీనికి అమీర్‌పేటకి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

మధ్యలో ఎదురుదెబ్బలూ తగిలాయి. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలాయి, 2008 మాంద్యం మీద 2009 జనవరిలో సత్యం కంపెనీ దొంగలెక్కల వ్యవహారం వచ్చిపడింది. సత్యంలో ఉద్యోగం అని ఊళ్లో గొప్పగా చెప్పుకున్న ఇళ్లే బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొన్నాయి. అలాంటప్పుడల్లా సివిల్, మెకానికల్ లాంటి కోర్ బ్రాంచ్‌లకి కాస్త ఊపిరి వచ్చేది. చిక్కంతా ఏంటంటే, చేరేది ఈ ఏడాది వార్త చూసి, బయటికి వచ్చేది నాలుగేళ్ల తర్వాత. 2005లో జోరు చూసి చేరినవాళ్లు 2009లో పట్టా పట్టుకుని బయటికొచ్చారు, అంతకంటే చెడ్డ టైమింగ్ లేదు. దాదాపు అదే సమయంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో, పెద్ద చదువు ఊసే లేని ఇళ్ల నుంచి కూడా పిల్లలు ఇంజనీరింగ్‌కి వచ్చారు. ఇది మంచికే జరిగింది. కాకపోతే మొదటి తరం వాళ్లకి బ్రాంచ్ గురించి చెప్పే దిక్కు లేక, ఎదురింటి అబ్బాయి ఏది తీసుకుంటే అదే తీసుకున్నారు.

అమెరికా వైపు నుంచి ఇంకో తోపు. 2008లో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ వాళ్లకి ఓపీటీని, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసుకునే గడువుని, 17 నెలలు పొడిగించారు, 2016లో దాన్ని 24 నెలలు చేశారు. మెకానికల్‌కీ అది వర్తిస్తుంది, కానీ డిఫెన్స్, విమాన రంగాల్లో సిటిజన్ కానివాడికి చాలా తలుపులు మూసే ఉంటాయి. అందుకే ఇక్కడ మెకానికల్ చేసిన ఎంతోమంది అక్కడ ఎమ్మెస్‌కి కంప్యూటర్స్ వైపు మారిపోయారు. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి చెప్పే మాట ఏముంటుంది? "నువ్వు నేరుగా సీఎస్ఈలో చేరు."

ఇందులో నాకు వింతగా అనిపించేది ఒకటుంది. సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లొచ్చు, సీఎస్ఈ చదివి ప్రభుత్వంలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సివిల్ పోస్టుకి మాత్రం అప్లై చేయలేం. తెలంగాణ వచ్చాక ప్రభుత్వ ఉద్యోగాలు భర్తీ చేసే టీఎస్‌పీఎస్సీ 2015లో ఇచ్చిన మొట్టమొదటి నోటిఫికేషన్లలో ఏఈఈ సివిల్ ఒకటి, దానికి సివిల్ డిగ్రీయే కావాలి. గేట్ పరీక్ష స్కోర్ మీద ప్రభుత్వరంగ సంస్థలు తీసుకునేదీ బ్రాంచ్ చూసే. అంటే తలుపులు ఎక్కువున్నది కోర్ బ్రాంచ్‌కే కదా అనొచ్చు. కాగితం మీద అవును. కానీ ఆ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చాక పరీక్ష జరగాలి, ఫలితం రావాలి, మధ్యలో కోర్టు కేసు పడకూడదు. ఈలోపు ఇంట్లో ఎవరు ఆగుతారు? పైగా ఐటీలో నియామకాలు తగ్గిన ఏడాది "సీఎస్, ఐటీ వాళ్లే" అని ముందు గీత గీసేది కూడా ఒకప్పుడు అన్ని బ్రాంచ్‌లనీ పిలిచిన కంపెనీలే.

ఇప్పుడు కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్స్ తెరిస్తే సీఎస్ఈ పక్కన సీఎస్ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ అని కోడ్‌లు కనిపిస్తాయి, అంటే ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. మొదటి రెండేళ్లలో చదివేది చాలా వరకు ఒకటే. 2024లో ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ బ్రాంచ్‌కి ఇన్నే సీట్లన్న పరిమితి తీసేసింది. కాలేజీలు కోర్ సీట్లు తగ్గించి సీఎస్ఈ పెంచుకుంటామంటే తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకోలేదు, యాజమాన్యాలు హైకోర్టుకి వెళ్లాయి. ఈ విషయంలో నేను ప్రభుత్వం వైపే. ఒకసారి మెకానికల్ సెక్షన్ మూసేశాక లేత్‌లు తుక్కు కింద పోతాయి, లెక్చరర్లు ఇంకో పని చూసుకుంటారు, రేపు ఏ ప్రాజెక్టుకో మనుషులు కావాలని మళ్లీ సీట్లిచ్చినా చెప్పేవాడు దొరకడు.