పంక్తిభేదం లేని బడి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మీరు అడిగిన ప్రశ్న చిన్నదే గాని, దాని మీద ప్రపంచంలోని చట్టసభలు నూరేళ్లకు పైగా వాదించుకుంటూనే ఉన్నాయి. ఇంట్లో తిండికి లోటులేని పిల్లలకు కూడా బడిలో ఉచితంగా ఎందుకు వడ్డించాలి, ఆ డబ్బుతో లేనివారికే మరికాస్త ఎక్కువ పెట్టవచ్చు కదా అని రాశారు. లెక్క ప్రకారం మీ మాట సబబుగానే కనిపిస్తుంది. ఉపాధ్యాయుడిగా చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

ముందు ఆకలి సంగతి చూద్దాం. బొత్తిగా తిండి దొరకకపోవడం ఒక్కటే ఆకలి కాదు. ఈ పూట గడిచింది గాని రేపటికి ఏమిటో తెలియని ఇళ్లు ఉంటాయి. ఆ స్థితినే ఆహార అభద్రత అంటారు. అలాంటి ఇంట్లో సాధారణంగా మొదట తగ్గేది తిండి పరిమాణం కాదు, అందులోని రకాలు. పాలు, గుడ్లు, పండ్లు, కూరగాయలు ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి. తరువాత తల్లి తన వాటా తగ్గించుకుంటుంది. కోత పిల్లల కంచం దాకా వచ్చిందంటే ఆ కుటుంబం అప్పటికే చాలా కిందికి జారిపోయిందని అర్థం. కడుపు నిండుతున్నా ఇనుము, అయోడిన్ వంటివి చాలని పిల్లలూ ఉంటారు. వారి ఆకలి పైకి కనిపించదు. పెద్దవారి శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తిలో దాదాపు ఐదో వంతు మెదడుకే పోతుంది, చిన్నపిల్లల్లో ఆ వంతు ఇంకా ఎక్కువ. ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లవాడికి పాఠం ఎక్కకపోవడంలో వింతేమీ లేదు.

నా తరగతిలో ఒక పిల్లవాడు మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చేవాడు. బద్ధకమనుకుని కోప్పడేవాణ్ణి. ఒకనాడు అందరి ముందు, ‘పొద్దున ఏం తిని వచ్చావు?’ అని అడిగాను. తడుముకోకుండా నాలుగు రకాలు చెప్పాడు. అంత ఘనమైన ఫలహారం ఆ తరగతిలో మరెవరూ చెప్పలేదు. అందులో ఒక్కటీ నిజం కాదని తెలియడానికి నాకు వారం పట్టింది. ఎవరికి ఆకలిగా ఉందో చెయ్యెత్తమంటే, నిజంగా ఆకలితో ఉన్నవాడే చెయ్యి దించుకుంటాడన్నది నేను ఆ పిల్లవాడి దగ్గర నేర్చుకున్న పాఠం. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే ఉంది.

లేనివారికి మాత్రమే పెట్టాలంటే లేనివారెవరో తేల్చాలి. బ్రిటన్‌లో 1906లో వచ్చిన చట్టం ఆ దారినే పట్టింది. ఆకలి వల్ల చదువు సాగని పిల్లలకు స్థానిక సంస్థలు కావాలంటే భోజనం పెట్టవచ్చని అది అనుమతి ఇచ్చింది. దాని వెనుక ఉన్న కారణాల్లో ఒకటి, దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరవచ్చిన యువకుల్లో చాలామంది శరీరదారుఢ్యం లేక పనికిరాకపోవడం. పిల్లల ఆకలి కంటే సైనికుల బలహీనతే పాలకుల కంట ముందుగా పడిందని చెప్పుకోవలసి రావడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. అమెరికాలో 1946 నాటి బడి భోజన చట్టం తరువాత కూడా ఉచితంగా తినేవారికి, డబ్బిచ్చి తినేవారికి మధ్య గీత మిగిలింది. భోజనం బాకీ పడిన పిల్లల చేతి మీద ముద్ర వేసి ఇంటికి పంపిన సందర్భాలు ఉన్నాయి. ఇలా పిల్లలను సిగ్గుపరచడాన్ని న్యూ మెక్సికో రాష్ట్రం 2017లో చట్టం చేసి నిషేధించింది. ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఒకరికి ఒకటి, మరొకరికి ఇంకొకటి వడ్డించడాన్ని మన పెద్దలు పంక్తిభేదం అన్నారు. ఆ ముద్ర దానికంటే ఘోరం.

ఫిన్లాండ్ మరో దారి ఎంచుకుంది. పిల్లలందరికీ బడిలో ఉచిత భోజనం పెట్టాలని 1943లో, యుద్ధం నడుస్తుండగానే చట్టం చేసి, 1948 నాటికి అమలులోకి తెచ్చింది. అప్పటికి అది ఈనాటి సంపన్న దేశం కాదు, యుద్ధంలో చితికిపోయి ఉంది. ఉన్న కాస్తనూ లేనివారికే ఇద్దామని వాదించడానికి కావలసినన్ని కారణాలు ఉన్నా, అందరికీ అన్న మాటకే ఆ దేశం కట్టుబడింది. పిల్లలందరూ తినే భోజనం బాగా లేకపోతే ఊరంతా అడుగుతుంది, పేదలు మాత్రమే తినేదైతే అడిగేవారు తక్కువ. నాకు అన్నింటికంటే బలంగా తోచే కారణం ఇదే.

ఇక భారతదేశం సంగతి. 1995 ఆగస్టు 15న బడి పిల్లల భోజనానికి జాతీయ పథకం మొదలైనప్పుడు చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా ధాన్యం ఇచ్చాయి. ఇంటికి వెళ్లిన ధాన్యం ఇంటిల్లిపాదీ పంచుకునే కుండలో కలుస్తుంది. అది తప్పని ఏ తల్లినీ అనలేం గాని, బిడ్డ వాటా అందులో కరిగిపోతుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ఏడాదికి కనీసం 200 రోజులు, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండేలా వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. బడిలో కూర్చుని తినే అన్నం ఆ బిడ్డ కడుపులోకే వెళ్తుంది, దానికోసం బడికి రావడమూ అలవాటవుతుంది.

వండి పెట్టడం మాటలు కాదు. నీళ్లు, వంటచెరకు, పురుగు పట్టని నిల్వ, వేళకు జీతం అందే వంటవారు, ఇవన్నీ రోజూ కుదరాలి. 2013లో బిహార్‌లో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పిల్లల కంటే ముందు పెద్దలు రుచి చూడాలన్న నియమాన్ని లాంఛనంగా తీసుకోకూడదని అంటున్నది అందుకే. మరోవైపు, ఆ వంటశాల రైతుకు కూడా ఆసరా కాగలదు. బడి భోజనానికి తమ కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల దగ్గర కొనడానికే వాడాలని బ్రెజిల్ 2009లో చట్టం చేసింది.

బడి భోజనం అన్నీ చక్కదిద్దుతుందని మీకు చెప్పను. గర్భం నుంచి రెండేళ్ల వయసు దాకా పోషణ అందక గిడసబారిన ఎదుగుదలను ఆరేళ్ల తరువాత పెట్టే అన్నం పూర్తిగా వెనక్కి తేలేదు. పైగా సెలవులు వస్తాయి. 2020లో బడులు మూతపడినప్పుడు ప్రపంచమంతటా దాదాపు 37 కోట్ల మంది పిల్లలు ఆ పూట భోజనానికి దూరమయ్యారు. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో వేసవి సెలవులకు భోజన కూపన్లు ఇవ్వబోమని ప్రభుత్వం అన్నప్పుడు, చిన్నతనంలో తానూ బడిలో ఉచిత భోజనం తిన్న మార్కస్ రాష్‌ఫర్డ్ అనే 22 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు పార్లమెంటు సభ్యులకు బహిరంగంగా ఒక ఉత్తరం రాశాడు. మరునాడే ప్రభుత్వం తన నిర్ణయం మార్చుకుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు తాతయ్య