ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలిస్తే హెవీ లైసెన్స్ కావాలా? అపోహలు - వాస్తవాలు

వరి కోతలు మొదలయ్యాయంటే ఈ ప్రశ్న తప్పదు. "ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్స్‌తో ట్రాక్టర్ నడపొచ్చు గానీ, ట్రాలీ తగిలిస్తే హెవీ కావాలంటున్నారు, నిజమేనా సార్?" అడిగే రైతు నిజంగానే భయపడి ఉంటాడు. ఆ మాట పుట్టించినవాళ్ళు మాత్రం లైసెన్స్ కార్డు వెనక్కి తిప్పి కూడా చూసి ఉండరు.

అది నిజం కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(21) ప్రకారం ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టర్ ఎల్‌ఎంవీయే. మన దగ్గర పొలం పనికి వాడే 45, 50 హెచ్‌పీ బండ్లు రెండు టన్నులకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్స్ చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే నాగశెట్టి కేసులో తేల్చింది. మీ వడ్లు, మీ పత్తి, మీ ఎరువు బస్తాలు మీ ట్రాలీలో వేసుకుని మార్కెట్ యార్డుకు పోవడానికి భయపడాల్సిన పని లేదు.

అసలు కొంపముంచే అపోహ వేరే ఉంది. "7,500 కిలోలంటే ఖాళీ బండి బరువే కదా" అనేది.

కారుకు, ట్రాక్టర్‌కు, రోడ్డు రోలర్‌కు ఖాళీ బరువే లెక్క. సరుకు బండికి, బస్సుకు అలా కాదు. వాటికి చూసేది జీవీడబ్ల్యూ, అంటే బండి బరువు, దాని మీద వేయడానికి అనుమతి ఉన్న పూర్తి లోడు కలిపి. ఆ అంకె ఆర్‌సీలో ఉంటుంది. ఈరోజు బండి ఖాళీగా పోతోందా, సగం లోడుతో పోతోందా అన్నదానితో సంబంధం లేదు. మనం డీసీఎం అని పిలిచే బండ్లనే తీసుకోండి. కొన్నింటి జీవీడబ్ల్యూ 7,500 లోపే, కొన్నింటిది పది టన్నుల పైమాటే. బాడీ చూసి చెప్పలేం. తమ్ముడికి ఎల్‌ఎంవీ ఉంది కదా అని తాళాలు ఇచ్చే ముందు ఆర్‌సీ తెరిచి ఆ ఒక్క అంకె చూడండి.

7,500 లోపు ఉంటే ఎల్‌ఎంవీ సరిపోతుంది, విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (సరుకు, ప్రయాణికుల బండ్లు నడపడానికి లైసెన్స్‌లో చేర్పించుకునే అనుమతి) అక్కర్లేదు. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. బీమా కంపెనీలు ఒప్పుకోలేదు. చివరికి అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న రంభాదేవి కేసులో అదే ఖాయం చేసింది. ఆ తీర్పు వార్తలను "ఎల్‌ఎంవీ ఉంటే లారీ అయినా నడపొచ్చు" అని వాట్సాప్‌లో తిప్పినవాళ్ళు చేసిన నష్టం ఇంతా అంతా కాదు. 7,500 దాటిన సరుకు బండికి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఉండి తీరాలి. ఈ-రిక్షాలకు, పెట్రోల్, గ్యాస్ వంటి ప్రమాదకర సరుకు మోసే బండ్లకు ఆ తీర్పు సడలింపు వర్తించదు.

లెక్క తప్పితే ఏమవుతుంది? చలానా చిన్న విషయం. డ్రైవర్‌కు సెక్షన్ 181, బండి ఇచ్చిన యజమానికి సెక్షన్ 180. అసలు దెబ్బ ప్రమాదం జరిగాక పడుతుంది. బాధితుడి కుటుంబానికి ముందు బీమా కంపెనీ కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రైబ్యునల్ చెప్పడం మామూలే. ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది, ఎకరాలు అమ్ముకోవాల్సి వస్తుంది.

ట్రాక్టర్‌తో ఇసుక, ఇటుక, కంకర కిరాయికి తోలేవాళ్ళకు ఒక హెచ్చరిక. సొంత పంట మోసుకున్నంత కాలం అది వ్యవసాయ ట్రాక్టర్. కిరాయి మొదలైతే అది సరుకు బండి, పర్మిట్, ఫిట్‌నెస్, ట్యాక్స్ అన్నీ వస్తాయి. అప్పుడు బరువు లెక్క కూడా చిక్కే. ట్రాక్టర్ 2,100, ట్రాలీ లోడుతో 6,000 అనుకుంటే కలిపి 8,100. కోర్టులో ఈ లెక్క మీద వాదించుకునే కంటే ముందే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ తీసుకోవడం మేలు. 20 ఏళ్ళు నిండి, ఎల్‌ఎంవీ వచ్చి ఏడాది అయి ఉంటే అర్హత ఉన్నట్టే. డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ, అంటే వైద్య ధ్రువపత్రం కావాలి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లోనే పోయింది, ఏజెంట్లు ఇంకా అడుగుతుంటే నమ్మొద్దు.

కార్డు మీద గడువు తేదీలు రెండుంటాయి. నాన్ ట్రాన్స్‌పోర్ట్‌ది ఏళ్ళ తరబడి ఉంటుంది, ట్రాన్స్‌పోర్ట్‌ది అయిదేళ్ళే. చాలామంది మొదటిదే చూసుకుంటారు. గడువు దాటాక వెనకటిలా 30 రోజుల వెసులుబాటు లేదు. ఏడాది దాటితే మళ్ళీ టెస్టుకు పోవాల్సిందే.

"ట్రాలీకి ఆర్‌సీ ఎందుకు, దానికి ఇంజినే లేదుగా?" కావాలి. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది. సెక్షన్ 61 ప్రకారం దాని నంబరు ట్రాలీ పక్క వైపున, లాగే ట్రాక్టర్ నంబరు ట్రాలీ వెనక రాయించాలి. ట్రాక్టర్ పాలసీలో ట్రాలీ నంబరు చేరిందో లేదో ప్రీమియం కట్టేటప్పుడే అడగండి.

ఓవర్‌లోడ్‌కు ఫైన్ కట్టేస్తే అదే లోడుతో పోవచ్చనుకోవడం ఇంకో భ్రమ. కేంద్ర చట్టంలో సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. పైగా అదనపు సరుకు దించేదాకా బండి కదలనివ్వకూడదు. ఆ ఖర్చూ మీదే. ఎక్కువ లోడుతో గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగ్ పని చేయదు. బ్రేకుల్లేని ట్రాలీ అయితే దిగేటప్పుడు ట్రాక్టర్‌ను వెనక నుంచి నెట్టేస్తుంది.

ఇక మిరప కోతకు కూలీలను ట్రాలీలో ఎక్కించుకుపోవడం. లైసెన్స్ సరిగ్గా ఉన్నా, పాలసీ సరిగ్గా ఉన్నా, ట్రాలీలో కూర్చున్న మనుషులకు ఆ బీమా వర్తించదని 2007లో బ్రిజ్ మోహన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కూలీలను ఆటోలోనో, మనుషులను ఎక్కించుకునే పర్మిట్ ఉన్న వేరే బండిలోనో పంపండి. ట్రాలీని మిరప బస్తాలకే ఉంచండి.