సపోటా కింద పాలచెట్టు

మే నెల ఎండలో కావలి బస్టాండు బయట, ముంజెల గంపల పక్కన ఒకావిడ పసుపు పచ్చని చిన్న పండ్లు గ్లాసుతో కొలిచి అమ్ముతోంది. వేపపండంత సైజు, ఇంచుమించు అదే రంగు. నా పక్కన నిలబడ్డ కుర్రాడు పకపకా నవ్వి, "ఏందమ్మా, యాపపండ్లు గూడా అమ్ముతుండారా?" అన్నాడు. "పాలపండ్లు నాయనా, తినిచూడు" అని ఆవిడ ఓ గుప్పెడు వాడి చేతిలో పోసింది. తేనెలాంటి తీపి, మధ్యలో నల్లగా నిగనిగలాడే గింజ. గుప్పెడూ అయిపోయేసరికి పిల్లాడి పెదాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నీళ్లతో కడిగాడు, పోలేదు. "నూనె రుద్దాల" అందావిడ.

ఆ మాటలో రసాయనశాస్త్రం ఉంది. చెట్టు పాలు, ఆవు పాలు రంగులో ఒకటే గానీ గుణంలో వేరు. చెట్టుపాలలో రబ్బరు జాతి పదార్థం సన్నని బొట్లుగా తేలుతుంటుంది. నీరు ఆరగానే ఆ బొట్లు కలిసి జిగురవుతాయి. ఆ జిగురు నీటిలో కరగదు, నూనెకు లొంగుతుంది. బెరడుకు గాయమైతే మూయడానికీ, కొరికిన పురుగు నోరు కట్టెయ్యడానికీ చెట్టు చేసుకున్న ఏర్పాటిది. పురుగుకు పడాల్సిన శిక్ష మనకూ కొంచెం పడుతుంది, అంతే. పండు బాగా మాగితే జిగురు తగ్గుతుంది.

ఇక పేరు. 'పాల' అని విన్నంత మాత్రాన అన్నీ చుట్టాలు కావు. ఏడాకులపాల, కొడిసపాల, నన్నారి షర్బత్‌కు వేళ్లిచ్చే సుగంధిపాల - ఈ మూడూ గన్నేరు కుటుంబం. మన పాలచెట్టుది సపోటా కుటుంబం. పొగడ, ఇప్ప దానికి దాయాదులు. పాలు కారేదాన్నల్లా మనవాళ్లు పాల అన్నారు, తప్పేం లేదు. తప్పల్లా మందుల కోసం పేరొక్కటే చూసి బెరడు గీక్కునేవాళ్లది.

సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీనికి 'హెక్సాండ్రా' అని పేరు పెట్టాడు. పువ్వులో కేసరాలు ఆరు కాబట్టి ఆ పేరు. ఇప్పటి పూర్తి పేరు మనిల్కారా హెక్సాండ్రా. ఆ మొదటి మాట మలయాళం నుంచి వెళ్లింది. విచిత్రమేమిటంటే మెక్సికో వైపు నుంచి వచ్చిన సపోటా కూడా శాస్త్రానికి మనిల్కారానే! మనూరి పేరు పరాయి చెట్టుకు ఇంటిపేరైంది.

ఈ కుటుంబం పాలు లోకంలో చాలా పనులే చేశాయి. సపోటా పాలు కాచి తీసిన చికిల్‌తోనే ఒకప్పుడు చూయింగ్ గమ్ తయారయ్యేది. మలయా అడవుల్లోని మరో దాయాది పాలే గట్టాపెర్చా. 19వ శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు అదే. పంటి డాక్టరు రూట్ కెనాల్ చేసి లోపల కూరే పదార్థం కూడా అదే.

పాలచెట్టు కర్రది మరో కథ. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. అందుకే గానుగ రోకళ్లకూ, ఇంటి స్తంభాలకూ, పనిముట్ల పిడులకూ కొట్టేశారు. ఇది మహా నిదానంగా పెరుగుతుంది. నరికినవాడు మునిమనవడయితే నాటినవాడు ముత్తాత అయ్యుండాలి. ఇప్పుడు పండు అరుదైందంటే ఆశ్చర్యమేముంది?

గుంపుగా చూడాలంటే పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న శ్రీహరికోట అడవే. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా అది నెల్లూరు జిల్లాలోదే. అక్కడ వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురిసిపోతుంది, మిగతా నెలలు ఉప్పుగాలి, ఎండ. అయినా ఆ చెట్లు ఆకు రాల్చవు. తోలులా మందంగా ఉండే ఆకులు తడిని తొందరగా ఆరిపోనివ్వవు. 1971 అక్టోబరులో అక్కణ్ణుంచి మొదటి రాకెట్, రోహిణి, ఎగిరింది. రాకెట్ల కోసం కంచె వేస్తే లోపల అడవికీ కాపలా దొరికింది. శ్రీలంకలో దీన్ని 'పలు' అంటారు. అక్కడి విల్పత్తు, యాల అడవుల్లో పండ్ల కాలంలో ఎలుగుబంట్లు కొమ్మలెక్కి కూర్చుంటాయి.

మరి మన ఊళ్లలో పాల పూర్తిగా పోయిందా? లేదు, సపోటా కింద ఉంది. గింజ నుంచి మొలిచిన సపోటా తల్లి గుణం నిలుపుకోదు, అందుకని నర్సరీల్లో పాలమొక్క వేరు మీద సపోటా కొమ్మను అంటుకడతారు. రెండూ దగ్గరి జాతులు కాబట్టి బెరడు కింద పెరిగే పొరలు అతుక్కుని ఒక్కటవుతాయి. పాల వేరు ఎండకు ఓరుస్తుంది, చెట్టు చాలాకాలం బతుకుతుంది. ఆ వేరుమొక్క పెన్సిలంత లావు కావడానికే రెండేళ్ల దాకా పట్టొచ్చు. నర్సరీవాళ్ల ఓర్పుకు దండం పెట్టాలి.

మా పెరట్లో సపోటా ఒకటి ఎండిపోయింది. కొట్టేద్దామని గొడ్డలి తెచ్చాక చూస్తే అంటు ముడికి కింద లేత చిగుళ్లు. సపోటా ఆకు కొన కాస్త మొనదేలి ఉంటుంది, వీటి కొన గోటితో గిల్లినట్టు లోపలికి నొక్కుకుని ఉంది. పాల. గొడ్డలి లోపల పెట్టేశాను. పండు కావడానికి ఏళ్లు పడుతుంది. మా ఆవిడ మాత్రం ఆ జాగాలో నిమ్మమొక్క వేద్దామంటోంది.