చిత్తూరుకి ఎన్ని గడులు కావాలి?

మా అన్న కూతురు తిరుపతిలో కొర్లగుంటలో రూమ్ తీసుకుని ఎమ్మెస్సీ చదువుతోంది. కాలేజీలో ఉన్న లినక్స్ సర్వర్‌లోకి ఇంటి ల్యాప్‌టాప్ నుంచే వెళ్లి పని చేసుకోవాలి, దానికి "ఏ టెర్మినల్ వేసుకోమంటావు అత్తా?" అని అడిగింది. ఫ్రెండ్స్ తలా ఒక పేరు చెప్పారంట, ఒకరు రంగులు బాగుంటాయని, ఇంకొకరు స్పీడని. నేను మాత్రం ఏది వేసుకున్నా ముందు దాంట్లో "చిత్తూరు" అని టైప్ చేసి చూడమన్నాను. మాది చిత్తూరు కాబట్టి కాదు, ఆ మాటలో ఒక మంచి పరీక్ష ఉంది.

టెర్మినల్ అంటే ఒకప్పుడు నిజంగానే ఒక యంత్రం. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకి 10 అక్షరాల చొప్పున కాగితం మీద టకటకా కొట్టేది. 1978లో డెక్ కంపెనీ వీటీ100 అని ఒక స్క్రీన్, ఒక కీబోర్డు కలిపి తెచ్చింది, అసలు కంప్యూటర్ ఎక్కడో వేరే గదిలో ఉండేది, ఇది దానికి కళ్లూ చేతులూ అన్నమాట. ఈ రోజు మన ల్యాప్‌టాప్‌లో నల్లగా తెరుచుకునే కిటికీ ఆ పాత యంత్రంలా ప్రవర్తించే ప్రోగ్రామ్, అందుకే టెర్మినల్ ఎమ్యులేటర్ అంటారు. సర్వర్ 27వ నంబర్ సంకేతం, దాని వెనక ఒక చదరపు బ్రాకెట్టు, 31, చిన్న ఎమ్ పంపితే అక్కణ్నుంచి అక్షరాలు ఎర్రగా రావాలి. ఇలాంటి ఆజ్ఞలు చాలా ఉన్నాయి, వాటిని ఎంత నమ్మకంగా పాటిస్తుందన్నదే ఎమ్యులేటర్ మంచిచెడులకి మొదటి కొలత. ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నవన్నీ ఇందులో దాదాపు పాసైపోతాయి, కాబట్టి దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

పాత యంత్రాల అలవాట్లు కొన్ని అలాగే మిగిలిపోయాయి, తెలియకపోతే భయపెడతాయి. ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి, "అత్తా, అంతా హ్యాంగ్ అయిపోయింది, ఏం కొట్టినా కనపడట్లేదు" అంది పాపం. ఏం నొక్కావంటే, సేవ్ చేద్దామని కంట్రోల్ ఎస్ నొక్కిందంట. టెలిటైప్ కాలంలో అది "ఆగు" అనే సంకేతం, అవతలి వైపు కాగితపు టేపు చదవడం ఆపేసేది. మళ్లీ కదలాలంటే కంట్రోల్ క్యూ. నొక్కమన్నాను, అప్పటిదాకా కొట్టినవన్నీ ఒక్కసారిగా స్క్రీన్ మీదకి వచ్చి పడ్డాయి.

ఇక చిత్తూరు సంగతి. వీటీ100 స్క్రీన్ అంటే 24 వరుసలు, వరుసకి 80 గడులు. ఆ 80 ఇంకా పాతది, ఐబీఎమ్ 1928లో తెచ్చిన, చిల్లులతో సమాచారం దాచే కార్డుకి ఉన్న 80 నిలువు వరుసల నుంచి వచ్చింది. ఒక్కో గడి 10 చుక్కల వెడల్పు, 10 గీతల ఎత్తు, అందులో ఒక ఇంగ్లీషు అక్షరం చక్కగా కూర్చుంటుంది. కానీ మన అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి. "ఘ"కి కావాల్సిన వెడల్పు "ర"కి అక్కర్లేదు. గళ్ల కాగితం మీద ముగ్గు వేసినట్టు ఉంటుంది పరిస్థితి.

లెక్క చూడండి. "చిత్తూరు" మన కంటికి 3 అక్షరాలు, చి, త్తూ, రు. ప్రతి లిపిలోని ఒక్కో గుర్తుకీ ఒక నంబర్ ఇచ్చే పట్టికైన యూనికోడ్‌లో మాత్రం చ, గుడి, త, పొల్లు, మళ్లీ త, దీర్ఘపు కొమ్ము, ర, కొమ్ము, మొత్తం 8 సంకేతాలు. వాటిని కంప్యూటర్‌లో దాచే పద్ధతైన యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 24 బైట్లు. మరి గడులు? గుడినీ పొల్లునీ యూనికోడ్ చోటు అక్కర్లేని గుర్తులుగా, కొమ్ముల్ని చోటు తీసుకునే గుర్తులుగా విభజించింది, ఆ లెక్కన చాలా ప్రోగ్రాములు ఈ మాటకి 6 గడులు ఇస్తాయి. కాబట్టి 3, 8, 24, 6, నాలుగూ సరైనవే, ఒక్కొక్కరు ఒక్కోటి లెక్కపెడుతున్నారు, అంతే.

చిక్కు ఎక్కడంటే, ఒక అక్షరానికి ఎన్ని గడులో సర్వర్‌లోని ప్రోగ్రామ్ తన లెక్క తను వేసుకుంటుంది, మన ఇంట్లోని ఎమ్యులేటర్ తన లెక్క తను వేసుకుంటుంది, మామూలుగా ఒకదాన్నొకటి అడగవు. రెండూ కలిస్తే సరే. కలవకపోతే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట, బ్యాక్‌స్పేస్ కొడితే సగం మాట చెరిగి సగం అక్కడే అతుక్కుని ఉంటుంది. అక్షరాల్ని కలిపి గీయడం రాని ఎమ్యులేటర్ అయితే ఒత్తు కిందికి దిగదు, పొల్లుతో త్, పక్కన తూ విడివిడిగా నిలబడతాయి. వేగానికి మంచి పేరున్న అలాక్రిటీ అనే ఎమ్యులేటర్ ఇంగ్లీషు కోడ్‌కి బాగుంటుంది గానీ అక్షరాల్ని ఇలా కలపదు, తెలుగు చూడాల్సినవాళ్లకి నేను చెప్పను.

పాపది విండోస్. దానికి విండోస్ టెర్మినల్ అనే ఎమ్యులేటర్ చాలన్నాను, దూరంలోని సర్వర్‌లోకి భద్రంగా వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ విండోస్‌లోనే ఉంటుంది, వేరే ఏమీ కొనక్కర్లేదు. రౌటర్‌కి సీరియల్ కేబుల్ పెట్టే పని ఉంటే పుట్టీ అనే ప్రోగ్రామ్ మంచిది, సైమన్ టాథమ్ రాసింది, ఎప్పటి నుంచో ఉచితం. కానీ దాన్ని ఆయన సొంత పేజీ నుంచే దించుకోవాలి, వెతికితే పైన వచ్చే ప్రకటన నొక్కకూడదు, పాస్‌వర్డులు దొంగిలించే నకిలీ పుట్టీలు చాలాసార్లు బయటపడ్డాయి. లినక్స్ ఉన్నవాళ్లు దాంతో వచ్చినదే ముందు చూసి, తెలుగు కుదరకపోతే భారతీయ లిపుల్ని కూడా దృష్టిలో పెట్టుకుని తయారైన ఎమ్‌ఎల్‌టర్మ్ ప్రయత్నించాలి.

వర్షపాతం ఫైళ్లకి మండలాల పేర్లు తెలుగులో పెట్టుకుంది తను. సర్వర్‌లో పేర్లు చెదిరిపోతుంటే అందరూ ఇంగ్లీషులోకి మార్చుకోమన్నారంట, నాకు ఆ సలహా అస్సలు నచ్చలేదు. విండోస్ టెర్మినల్ 1.22 నుంచి "త్తూ" లాంటి అక్షర సముదాయాన్ని ఒకే ముక్కగా లెక్కపెడుతుంది, కాలేజీ పాత సర్వరేమో ఒక్కో సంకేతాన్నీ విడిగా లెక్కపెట్టే పాత పద్ధతిలోనే ఉంది. సెట్టింగుల్లో ఈ కొలిచే పద్ధతిని మార్చుకోవచ్చు, పాతదానికి మార్చమన్నాను. ఒత్తుల పక్కన కాస్త ఖాళీ కనపడుతోందంట, కానీ బ్యాక్‌స్పేస్ కొడితే చెరగాల్సిందే చెరుగుతోంది, ఫైళ్ల పేర్లు తెలుగులోనే ఉన్నాయి.