తక్కువ ధర వెనక నిలబడేవాళ్లు

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

రంగనాథన్ వీధిలో పండగ బట్టలు కొనుక్కొచ్చాక మీరు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "అంత చవగ్గా అమ్మితే వాళ్లకేం మిగులుతుంది తాతయ్యా?" ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. టీ నగర్‌లోనే ఒక పెద్ద దుకాణంలో స్టాకు లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు బాగా దగ్గరిది.   

మొదట లెక్క చూడండి. 80 రూపాయలకు కొన్న చొక్కాను 120కి అమ్మితే 40 మిగులుతుంది. 100కే ఇస్తే మిగిలేది 20. కానీ ధర తగ్గిందని మూడింతల మంది కొన్నారనుకోండి. వంద చొక్కాల మీద 4,000 వచ్చే చోట మూడు వందల చొక్కాల మీద 6,000 వస్తుంది. అమెరికాలో శామ్ వాల్టన్ గట్టిగా పట్టుకున్నది ఈ లెక్కనే. 1962లో ఆర్కన్సా రాష్ట్రంలోని రోజర్స్ అనే చిన్న ఊళ్లో ఆయన తెరిచిన మొదటి వాల్‌మార్ట్ పెరిగి పెరిగి, ఇవాళ 20 లక్షల మందికి పైగా ఉద్యోగులున్న సంస్థ అయింది.

ఈ లెక్క నిలబడాలంటే ఖర్చు తగ్గాలి, సరుకు ఆగకుండా కదలాలి. దీనికి ఎవరి దారి వాళ్లది. వాల్‌మార్ట్ సొంత గోడౌన్లు, సొంత లారీలు పెట్టుకుంది. మన డీమార్ట్ చాలావరకు సొంత భవనాల్లోనే దుకాణం తెరుస్తుంది కాబట్టి అద్దె బెడద తక్కువ. సరుకు ఇచ్చినవాళ్లకు డబ్బు త్వరగా కట్టేసి ధర తగ్గించుకుంటుంది. కాస్ట్‌కో అనే ఇంకో అమెరికా కంపెనీ ఒక్కో దుకాణంలో దాదాపు 4,000 రకాలే ఉంచుతుంది. పెద్ద వాల్‌మార్ట్‌లో ఆ సంఖ్య లక్ష దాటుతుంది. రకాలు తక్కువైతే ఒక్కో రకం ఎక్కువగా కొనొచ్చు, టోకు ధర దిగుతుంది, సర్దే పనీ తగ్గుతుంది. అదే కాస్ట్‌కో తన ఉద్యోగులకు ఈ వ్యాపారంలో మిగతావాళ్ల కంటే మెరుగైన జీతాలిస్తుందని పేరు తెచ్చుకుంది. చవగ్గా అమ్మాలంటే జీతాలు కోయక తప్పదని ఎవరైనా అంటే ఈ ఒక్క మాట చెప్పండి.

ఎందుకంటే చాలామంది చేసేది కోయడమే. అద్దె తగ్గించమంటే భవనం ఆసామి వినడు, కరెంటు బిల్లు మన మాట వినదు. మనుషుల్ని తగ్గించడం మాత్రం ఒక్క సంతకంతో అయిపోతుంది. నాకు బాధ కలిగేదీ, మీకు బాగా అర్థం కావాల్సిందీ ఇక్కడే.

నేను పనిచేసిన చోట ఒక ఏడాది పిల్లల బట్టల అంతస్తులో మనుషుల్ని సగానికి తగ్గించారు. పండగ రోజులు. ఒక తల్లి పాపను ఎత్తుకుని వచ్చి, ఫలానా గౌనులో 24 సైజు కావాలని అడిగింది. కౌంటర్లో కొత్త అమ్మాయి. ర్యాకంతా వెతికి "స్టాక్ లేదమ్మా" అంది. నా రిజిస్టరులో అదే రకం, అదే సైజు మూడు అట్టపెట్టెలు ఉన్నాయి. పై అంతస్తు గోడౌన్లో, చీరల కట్టల వెనక. కిందికి దించి సర్దే మనిషి లేడు. ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగల పాత అమ్మాయిని అప్పటికే మానిపించారు. ఆ తల్లి పక్క దుకాణానికి వెళ్లిపోయింది. మిగిల్చిన జీతం నెలాఖరు లెక్కల్లో చక్కగా కనిపించింది. అమ్ముడుపోని గౌనుకు మాత్రం ఏ పుస్తకంలోనూ పద్దు ఉండదు. సంక్రాంతి దాటాక ఆ పెట్టెలు సగం ధరకు పోయాయి, ఆ నష్టాన్ని దుకాణానికి సరుకు కొని తెచ్చే విభాగం ఖాతాలో రాశారు.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో సర్క్యూట్ సిటీ అనే ఎలక్ట్రానిక్ వస్తువుల సంస్థ 2007లో, జీతం ఎక్కువ తీసుకుంటున్నారని 3,400 మంది అమ్మకందార్లను తీసేసి, తక్కువ జీతానికి కొత్తవాళ్లను పెట్టుకుంది. 2008 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. పోటీ, ఆర్థిక మాంద్యం కూడా దాన్ని దెబ్బతీశాయి, కారణం ఇదొక్కటే అనను. కానీ టీవీల గురించి తెలిసినవాణ్ణి బయటికి పంపి టీవీలు అమ్మాలనుకోవడం, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

వాల్‌మార్ట్ కథలో రెండు వైపులూ ఉన్నాయి. 1971లోనే ఉద్యోగులందరికీ లాభాల్లో వాటా పథకం పెట్టింది. తర్వాత జీతాలు తక్కువనీ, యూనియన్లు పెట్టుకోనివ్వదనీ ఏళ్ల తరబడి మాటలు పడింది. 2015లో గంటకు కనీసం 9 డాలర్లు, మరుసటి ఏడాది 10 డాలర్లు ఇస్తామంది. జీతాల ఖర్చు వల్ల లాభం తగ్గుతుందని 2015 అక్టోబరులో ప్రకటించిన రోజు షేరు ధర 10 శాతం దాకా పడింది. అయినా వెనక్కి తగ్గలేదు. అమెరికాలోని దుకాణాల్లో అమ్మకాలు పడిపోలేదు, మెల్లగా పెరుగుతూ వచ్చాయి. ఈ విషయంలో ఆ కంపెనీని నేను మెచ్చుకుంటాను.

ఇక కాళ్ల సంగతి. దుకాణాల్లో అమ్మాయిలు పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉండటం మీరు గమనించారో లేదో. గిరాకీ లేని మధ్యాహ్నం కూడా కూర్చోనిచ్చేవాళ్లు కాదు, కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తారట! సాయంత్రానికి చీలమండలు వాచి చెప్పులు బిగుసుకుపోయేవి. పిక్కల్లో నరాలు ఉబ్బినవాళ్లను ఎంతమందినో చూశాను. కేరళలో కోళిక్కోడ్‌కు చెందిన పెణ్‌కూట్టు అనే మహిళా సంఘం దీనిమీద ఏళ్లపాటు పోరాడింది. 2018లో అక్కడ చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా తన 1947 నాటి దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్లందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. కూర్చోవడానికి చట్టం కావలసి వచ్చిందంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

స్టూలు వేస్తే సరిపోదు. పది మంది చేసే పని ఆరుగురికి ఇస్తే ఆ స్టూలు మీద కూర్చునే తీరిక ఎవరికీ దొరకదు. అదంతా ఎవరు ఏ వేళకు పనిచేయాలో రాసే డ్యూటీ చార్టులో ఉంటుంది. మా చీరల అంతస్తులో ఒక సూపర్‌వైజరమ్మ ఉండేది. రద్దీ ఏ గంటలో ఎంత ఉంటుందో పాత బిల్లులు ముందేసుకుని చూసి, దాన్నిబట్టి మనుషుల్ని వేసేది. మధ్యాహ్నం ఇద్దరిద్దర్ని వంతులవారీగా కూర్చోబెట్టి మడతలు సర్దించేది. ఆవిడ అంతస్తులో పని మానేసేవాళ్లు చాలా తక్కువ, స్టాకు లెక్క తేడా రావడమూ తక్కువే. ఆవిడ వేసిన చార్టు ఒకటి నా దగ్గర ఉంది. సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను. అదే మనుషులతో పండగ వారానికి చార్టు మీరు వేయండి, నేను దిద్దుతాను.

ఇట్లు,
మీ తాతయ్య